పాలీ కొండ మీద రోహన్ గొంతు

ఆగండి. చేతిలో ఫోన్ పక్కన పెట్టి, ఊపిరి కాస్త బిగబట్టి వినండి. హోనొలులు చైనాటౌన్‌లో, పూలదండల కొట్టు ముందు, పట్టపగలు రెండు గంటలకి, చనిపోయిన మనిషి మాట్లాడుతున్నాడు.

"నమ్మూ. నేనే."

ఏజెంట్ నమ్రత చెవిలో ఉన్న ఇయర్‌పీస్ శనగగింజంత ఉంటుంది. ఆమెని అలా పిలిచే మనిషి ప్రపంచంలో ఒక్కడే. రోహన్. పార్ట్‌నర్, కాబోయే భర్త. ఏడాది క్రితం ఇదే దీవి దగ్గర బోట్ పేలి సముద్రంలో కలిసిపోయాడు. శవం దొరకలేదు.

"చచ్చిపోలేదు, దాక్కున్నా. మన ఆఫీస్‌లో లీక్ ఉంది. హార్బర్‌కి వెళ్తే నిన్ను లేపేస్తారు. చిప్ తీసుకుని పాలీ లుకౌట్‌కి రా. దివాకర్‌కి చెప్పకు."

దివాకర్ అంటే షాంటిలీ హెడ్డాఫీస్‌లో కూర్చునే చీఫ్. ఆయన ఇచ్చిన బ్రీఫింగ్ చాలా చిన్నది. పసిఫిక్ దీవుల్లో మారుపేర్లతో పనిచేస్తున్న పదకొండు మంది ఏజెంట్ల లిస్ట్ ఒక చిప్‌లో ఉంది. నాలుగు గంటలకి హార్బర్‌లో నేవీ బోట్‌కి అందించాలి. దారిలో ఆగకూడదు, ఎవరినీ నమ్మకూడదు. ఆ లిస్ట్ కోసం ఒక విదేశీ ముఠా ఊరంతా గాలిస్తోంది. అది వాళ్ళ చేతిలో పడితే, రేపు ఉదయానికి పదకొండు శవాలు.

నమ్రతది టూరిస్ట్ వేషం. పెద్ద టోపీ, పూల షర్టు, చేతికి లావుపాటి స్టీలు గాజు, మెడలో నల్లటి కుకుయ్ గింజల దండ. వాటిలో బోలుగా ఉన్న ఒక గింజలో చిప్.

ఆమె వేలు తనంతట తానే షాంటిలీ లైన్‌ని కట్ చేసింది.

కొండ ఎక్కుతుంటే క్యాబ్ నడిపే ముసలాయన, బ్యాగ్‌లో పంది మాంసం ఏమైనా ఉందా అని అడిగాడు. లంచ్‌కి కొన్న స్పామ్ ముసుబి, పంది మాంసం ముక్క పెట్టిన అన్నం ముద్ద, ఉందని చెప్పిందో లేదో, కారు పక్కకి తీసి ఆపేశాడు. పంది మాంసంతో ఈ కొండ దాటబోతే బండి మొరాయిస్తుందట. పాత యుద్ధంలో వందలమంది సైనికులు ఈ శిఖరం మీంచి కింద పడ్డారని, వాన రోజుల్లో వాళ్ళ కేకలు ఇంకా వినిపిస్తాయని చెప్పాడు. ఇంకో రోజైతే నమ్రత నవ్వేసేది. ఇప్పుడు మాత్రం మారుమాట్లాడకుండా దిగి, ఆ పొట్లాన్ని చెట్టు కింద పెట్టి వచ్చింది. చెవిలో చచ్చినవాడు కబుర్లు చెప్తుంటే ఎవరిని చూసి నవ్వుతాం?

పాలీ మీద గాలి మనిషిని వెనక్కి నెట్టేస్తోంది. టోపీ ఎటో ఎగిరిపోయింది. మబ్బులు కాళ్ళ దగ్గరికి దిగాయి. రెయిలింగ్ పక్కన ఎర్ర గౌను, నల్లద్దాలు, అంత గాలిలోనూ చెదరని జుట్టు. శ్రీవల్లి. ముఠాలో ఉంటూ మూడేళ్ళుగా నమ్రత ఆఫీస్‌కి సమాచారం అందిస్తున్న డబుల్ ఏజెంట్. రోహన్‌ని చివరిసారి చూసింది కూడా ఆమే.

"చిప్ వల్లికి ఇచ్చెయ్, నమ్మూ," అంది గొంతు. "నా దగ్గరికి తీసుకొస్తుంది. నిన్ను చూడాలి."

శ్రీవల్లి చెయ్యి చాపింది. నమ్రత దండలోంచి గింజ తెంపింది. ఇచ్చేసేదే. ఆఖరి క్షణంలో, ఆ గొంతు ఇంకొంచెం వినాలన్న ఆశతోనే, ఒక్క ప్రశ్న అడిగింది.

"మా అమ్మతో ఫస్ట్ టైమ్ ఫోన్‌లో ఏమన్నావ్?"

అదే నవ్వు. చివర్లో ముక్కుతో చిన్న శబ్దం, అచ్చంగా అదే. "'మేము పెళ్ళి చేసుకుంటున్నాం ఆంటీ' అన్నా. ఎలా మర్చిపోతా?"

నమ్రత రెండో చేతి వేలు గాజు మీది మీట మీదికి వెళ్ళింది.

రోహన్ ఫ్రిస్కోలో, ఇంగ్లీష్ మాటల మధ్య పుట్టి పెరిగాడు. మేము అనే మాట ఆ నోట్లోంచి ఎన్నడూ రాలేదు. అన్నిటికీ మనమే. ఆ రోజు అమ్మతో అన్నది, "మనం పెళ్ళి చేసుకుంటున్నాం ఆంటీ" అని. అమ్మేమో, "అంకుల్‌ని అడిగి చెప్తా బాబూ" అంది.

శ్రీవల్లి గోళ్ళు గింజకి తగిలాయి. క్లిక్. నమ్రత గాజు రెండుగా విచ్చుకుని, ఒక సగం శ్రీవల్లి మణికట్టుని, ఇంకో సగం రెయిలింగ్‌ని పట్టేసింది. గింజ నమ్రత గుప్పిట్లోనే ఉండిపోయింది.

శ్రీవల్లి గింజుకోలేదు. నిట్టూర్చింది, అంతే. "పాత ఫోన్ కాల్స్‌తో ఆ ఏఐ వాయిస్ ట్రెయిన్ చెయ్యడానికి ఆర్నెల్లు పట్టింది, తెలుసా? మీవాడి తెలుగంతా తప్పులని, మాస్టార్ని పెట్టి మరీ గ్రామర్ దిద్దించాం."

"అతను?"

శ్రీవల్లి సముద్రం వైపు చూసింది. "ఆ రోజే. బోట్‌లోనే."

నమ్రత షాంటిలీ లైన్ మళ్ళీ కలిపి జరిగిందంతా చెప్పింది. దివాకర్ తిట్టలేదు. "ఇక్కణ్ణుంచి ట్రేస్ చేశాం. ఆ వాయిస్ శ్రీవల్లి ఫోన్‌లోనే ఉంది, వేరే కాపీ లేదు," అన్నాడు. "ముఠా దాన్ని నెట్ ద్వారా వేరే చోటికి కాపీ చేసుకునేలోపు వైప్ చెయ్యి, నమ్రతా. రోహన్ గొంతు గుర్తుపట్టి నమ్మేసేవాళ్ళు ఆ లిస్ట్‌లో ఇంకో ముగ్గురున్నారు."

శ్రీవల్లి దగ్గర లాక్కున్న ఫోన్ స్క్రీన్ మీద, డిలీట్ అనే ఎర్ర బటన్. దాని పైన నమ్రత బొటనవేలు. చెవిలో గొంతు ఇంకా ఆగలేదు.

"గాలికి నీ మాట వినపడట్లేదు. కొంచెం దగ్గరికి రా, నమ్మూ."

మిషన్ సక్సెస్ అని రిపోర్ట్‌లో ఎలాగూ రాసుకోవచ్చు. ఒకే మనిషిని రెండోసారి పోగొట్టుకుంటే ఏ కాలమ్‌లో రాయాలో ఆ ఫారంలో లేదు. ఆ రెయిలింగ్ పక్కన మీరే నిలబడి ఉంటే, నొక్కుతారా?