కొసరు బంద్ పెట్టిన టాపర్

“నాకు ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ కావాలె” అంది పూజిత.

“ఎంత? లీటరా, అర్ధ లీటరా?”

ఎదురుగా బర్రె తప్ప ఎవరూ లేరు. బర్రే మాట్లాడిందా అని పూజిత ఒక్క క్షణం అనుకున్న మాట నిజం. అంతలో బర్రె వీపు అవతల ఒక తల లేచింది. తలకు తువ్వాల, చేతిలో నీళ్ల పైపు, ముఖం నిండా నవ్వు. ఆడపిల్లను చూసిన కంగారులో అతను పైపును పక్కకు తిప్పబోయి సరిగ్గా ఆమె మీదికే తిప్పాడు.

“కండ్లు కనవడ్తలేవా?”

“కనవడ్డందుకే చెయ్యి వణికింది మేడమ్.”

అతను నందు. సంతోష్‌నగర్‌లో బీరయ్య డెయిరీకి ఒక్కగానొక్క వారసుడు. డిగ్రీ పరీక్షలు మూడుసార్లు రాశాడు. మూడోసారి దిద్దినవాళ్లే జాలిపడి ఉంటారు. పాసైన రోజే చదువుకు దండం పెట్టి కొట్టంలో స్థిరపడ్డాడు.

పూజిత సంగతి వేరు. పదో తరగతి నుంచి డిగ్రీ దాకా అన్నిట్లో ఫస్ట్. చివర్లో గోల్డ్ మెడల్. కంచన్‌బాగ్‌లో సర్కారు ఫ్యాక్టరీలో పనిచేసే ఆమె తండ్రి సీతారాం, గ్యాస్ సిలిండర్ తెచ్చిన మనిషికి కూడా ఆ మెడల్ చూపించందే పంపడు. గచ్చిబౌలి అవతల ఉన్న పెద్ద బిజినెస్ స్కూల్లో సీటు తప్ప పూజితకు ఇంకో కల లేదు. పోయినేడు ఇంటర్వ్యూ దాకా వెళ్లింది.

“డిగ్రీ అయ్యాక ఏం చేశారు?” అని అడిగారు వాళ్లు.

“మీ ఎంట్రన్స్‌కు చదివాను సార్” అంది.

వాళ్లు ఎంతో మర్యాదగా నవ్వారు. సీటు రాలేదు. మార్కులు గేటు దాకా తీసుకొస్తాయనీ, గేటు దాటాక ఏం పని చేశావని అడుగుతారనీ ఆమెకు అప్పుడు తెలిసింది. చదువుకు సరస్వతమ్మ ఉంది. అనుభవానికి ఏ దేవత ఉందో ఏ పురాణంలోనూ రాసి లేదు. రాసి ఉంటే సీతారాం ఆమెకూ ఒక కొబ్బరికాయ కొట్టేవాడే.

ఈ ఏడే ఆఖరు ప్రయత్నం. ఈసారి సీటు రాకపోతే నోరు మూసుకుని బ్యాంకు పరీక్షలు రాస్తానని తండ్రికి మాటిచ్చింది. బీరయ్య, సీతారాం ఒకే భజన మండలిలో తాళాలు కొడతారు. ఆ చనువుతో, కాగితం మీద ఒక సంతకం ఎంతపని అనుకుని వచ్చింది.

బీరయ్య గడ్డి మోపు దించి అంతా విన్నాడు. గోడ మీద కొమురవెల్లి మల్లన్న ఫోటో వైపు చూశాడు.

“దేవుని కింద కూసోని, చెయ్యని పనిని చేసిందని ఎట్ల రాయాలె బిడ్డా?”

“అందరు గట్లనే రాయించుకుంటరు కాకా.”

“అందరి సంగతి ఆయన చూసుకుంటడు. నా సంగతి గూడ ఆయననే చూస్తడు గద.”

“మరి నేనేం చెయ్యాలె?”

“పొద్దుగాల పనికి రా. చేసినంత రాస్త.”

నందు పైపు చుడుతూ అందుకున్నాడు. “చీపురు ఆ మూలకున్నది మేడమ్. మెడల్ ఇంట్లనే పెట్టి రా. పెండ అంటుతది.”

ఆమె రాదనే అతని నమ్మకం. తెల్లారి వచ్చింది. పెండ ఎత్తింది, కుడితి కలిపింది, తోక దెబ్బలు తింది. గోల్డ్ మెడల్ వచ్చిన చెంప మీదా, రాని చెంప మీదా బర్రె సమానంగానే కొడుతుందని తెలుసుకుంది. కొన్నాళ్లకు బీరయ్య ఆమెను పాలు కొలిచే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు.

అంతే, పూజిత లాప్‌టాప్ తెరిచింది. డెయిరీ మొత్తాన్ని ఎక్సెల్‌లోకి ఎక్కించింది. అందులో ఆమెకు ఒక దొంగ దొరికాడు. వాడి పేరు కొసరు.

పాలు కొలిచి గిన్నెలో పోశాక, పైనుంచి ఇంకో చిన్న ధార పోస్తారు. అదే కొసరు. దాన్ని ఎవరూ అడగరు. పోయకుండా ఎవరూ ఉండరు.

“రోజు ఎన్ని పాలు ఊకెనే పోతున్నయో ఎన్నడన్న చూశినవా?”

“లేదు. నాకు లెక్కల్ల సప్లీ ఉండె” అన్నాడు నందు.

“రేపటి సంది కొసరు బంద్.”

నందు ఏదో అనబోయి, ఆమె ముఖంలో వెలుగు చూసి ఆగాడు. “నీ ఇష్టం మేడమ్.”

మర్నాడు బార్కస్ నుంచి వచ్చే సలీమా ఖాలా గిన్నెలోకి తొంగిచూసి, “ఊపర్ కా దూద్ కాఁ గయా బేటీ? భైంస్ పీ లీ క్యా?” అని అడిగింది. పైన పోసే పాలు బర్రే తాగేసిందా అని. పూజిత ఆమెకు కచ్చితమైన కొలత గురించి ఇంగ్లీషు కలిపి వివరించింది. వెనక నిలబడ్డ శారదమ్మ గిన్నె మీద మూత పెట్టుకుని వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

వారం తిరిగేసరికి సగం గిరాకీ గల్లీ చివర నగేష్ డెయిరీకి మళ్లింది. నగేష్ సంతోషం పట్టలేక రెండు చేతులా కొసరు పోస్తున్నాడు.

“గిట్లైతదని నీకు ముందే తెల్సు గదా?” అంది పూజిత.

“తెల్సు.”

“మరెందుకు ఆపలే?”

“నీకు ఎక్స్‌పీరియన్స్ కావాలంటివి గద!”

ఆమె చేతిలో లాప్‌టాప్ ఉంది కాబట్టి బతికిపోయాడు. చీపురు ఉంటే ఈ ప్రేమకథ ఇక్కడే ముగిసేది.

ఆ పూట పూజిత గడ్డి మోపు మీద కూర్చుని ఏడ్చింది. ఏడుపయ్యాక ముక్కు తుడుచుకుంది. “రేపు బండి తియ్యి. ఇంటింటికి నేనే పోయి పోస్త” అంది.

బండికి రెండు వైపులా పాల క్యాన్లు. ముందు నందు, వెనక పూజిత, పైన వాన. అంత పెద్ద పాతబస్తీలో వానకు ఇంకెవరూ దొరకనట్టు వీళ్లిద్దరి మీదే పడుతోంది.

“గట్టిగ పట్టుకో” అన్నాడు నందు.

“దేన్ని?”

“క్యాన్‌ను మేడమ్, క్యాన్‌ను.”

శారదమ్మ ఇంటి ముందు దిగి పూజిత గొడుగు విప్పింది. శారదమ్మ తలుపు సగమే తెరిచింది. “ఏంది, లెక్కల మేడమ్ గిట్లొచ్చింది?”

“తప్పైంది అత్తా. మిమ్ముల ఒక్క మాట అడగకుంట ఆపిన.”

“పాలు చాలక కాదే పిల్లా. కొలిచి పోసుడు నగేష్‌గాడు గూడ పోస్తడు. నా పెండ్లి అయిన సంది బీరయ్య కాడనే ఎందుకు పోయించుకుంటున్నట్టు?”

శారదమ్మ లోపలికి వెళ్లి గిన్నె తెచ్చి పట్టింది. పూజిత కొలిచి పోసింది. ఆ పైన కొసరు పోయబోతే బొళక్కున పడింది.

“అయ్యో, గంత గాదే! బీరయ్య దివాలా తీస్తడు” అని నవ్వింది శారదమ్మ. తర్వాత ఇద్దర్నీ ఎగాదిగా చూసింది. “ఇద్దరికి ఒక్కటే గొడుగా? మంచిగనే ఉన్నది.”

నందు ముఖం కడిగిన క్యాన్‌లా మెరిసింది. పూజిత గొడుగును అటూ ఇటూ తిప్పి, ఎటు తిప్పినా ఇద్దరూ దాని కిందే ఉన్నారని గమనించింది.

గిరాకీ మెల్లగా తిరిగి వచ్చింది. ఒకరోజు అన్నం దగ్గర సీతారాం అన్నాడు.

“బీరయ్య కొడుకు కొలత బాగ తప్పుతున్నడు. అర్ధ లీటరు పొయ్యమంటె గిన్నె నిండుతున్నది. రేపు చెప్పాలె.”

“చెప్పకు నాయినా!” అంది పూజిత. అంత గట్టిగా ఎందుకందో ఆమెకే తెలియలేదు. “నేను చూసుకుంట తియ్యి.”

చలికాలం వచ్చేసరికి ఎంట్రన్స్‌లో మంచి స్కోరు వచ్చింది. బీరయ్య కూడా మాట ప్రకారం సర్టిఫికెట్ రాసిచ్చాడు. పని చేసింది, నేర్చుకుంది, ఇంకా నేర్చుకోవాలె అని. పూజిత దాన్ని ఇంగ్లీషులోకి మార్చి పంపింది. ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. దానికి ముందు, అనుభవం నిజమేనా అని అడగడానికి స్కూలు నుంచి డెయిరీకి ఫోన్ కూడా వచ్చింది.

బీరయ్య పాలు పిండుతున్నాడు. నందు ఫోన్ స్పీకర్‌లో పెట్టి తండ్రి చెవి దగ్గర పట్టుకున్నాడు. బర్రెల గాటి పక్కన పూజిత రెండు చేతులూ జోడించి నిలబడింది.

“పూజిత మీ దగ్గర పనిచేశారా అండీ?”

“చేసింది సార్.”

“ఎలా చేశారు?”

“మొదట్ల మా సగం గిరాకీని ఎల్లగొట్టింది సార్.”

బీరయ్య ఇంకా చెప్పేవాడే. సరిగ్గా అప్పుడే బర్రె కాలు విసిరింది. బకెట్ బోర్లాపడింది. “ఆగు సార్” అంటూ ఆయన బకెట్ వైపు పరుగెత్తేసరికి, అవతల మనిషి థాంక్స్ చెప్పి పెట్టేశాడు. మల్లన్న తన భక్తుడి నోటివెంట అబద్ధం రాకుండా కాపాడాడు, బాగానే ఉంది. మిగతా సగం నిజం కూడా చెప్పనిచ్చి ఉంటే ఆయన సొమ్మేం పోయేది?

పూజిత కోపమంతా నందు మీద పడింది.

“ఫోన్ నీ చేతిలనే ఉండె. ఒక్క మాట అందుకుంటె ఏంబోయింది? నేను పోవొద్దనే గదా ఊకున్నవు?”

నందు ముఖంలో నవ్వు ఆరిపోవడం ఆమె అదే మొదటిసారి చూడటం.

“నువ్వు పోవొద్దని నాకున్నది, నిజమే. గాని నేను ఊకున్నది గందుకు కాదు. బాపు మాట్లాడుతుంటె నడుమ దూరుడు నాకు అలవాటు లేదు. దూరాల్సి ఉండె. తప్పైంది.”

ఆమె విసవిసా వెళ్లిపోయింది. కోపంలో ఉన్న మనిషికి మాటలు వరసలో చేరవు. నందు అన్న మొదటి మాట పూజితకు ఇంటికెళ్లి అన్నం కలుపుతుండగా చేరింది. ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఇంటర్వ్యూ గదిలో ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్న మేడమ్ కళ్లజోడు సర్దుకుంది.

“మీ మార్కుల మీద మాకు ప్రశ్నలు లేవు. కానీ మీరు సగం కస్టమర్లను వెళ్లగొట్టారని మీ యజమాని అంటున్నారు. నిజమేనా?”

పూజిత బట్టీ పట్టిన జవాబులన్నీ కిటికీలోంచి ఎగిరిపోయాయి. “నిజమే మేడమ్” అంది. కొసరు దగ్గర్నుంచి గొడుగు దాకా అంతా చెప్పేసింది. గొడుగు సంగతి అక్కడ అవసరం లేదని చెప్పాక గుర్తొచ్చింది.

“అయితే మీ లెక్క తప్పిందంటారా?” అని అడిగాడు పక్కనున్నాయన.

“లెక్క తప్పలేదు సార్. గిన్నె పట్టుకున్నవాళ్లను ఒక్క మాట కూడా అడగలేదు, అది తప్పు.”

“అందరూ తిరిగొచ్చారా?”

“సలీమా ఖాలా రాలేదు సార్. ఇంకా నగేష్ దగ్గరే పోయించుకుంటోంది. ప్రతి శుక్రవారం వాళ్లింటికి వెళ్లి అడుగుతున్నాను.”

“ఏమంటుంది?”

“ఆలోచిస్తానంటుంది. చాయ్ ఇస్తుంది.”

ముగ్గురూ నవ్వారు. పోయినేటి మర్యాద ఆ నవ్వులో లేదు.

సీటు వచ్చింది. మార్కులు తెచ్చాయా, పని తెచ్చిందా, చేసిన తప్పును దాచకపోవడం తెచ్చిందా, ఆ ముగ్గురూ చెప్పలేదు. చిన్నప్పటి నుంచీ బర్రెల మధ్యే పెరిగిన నందు అదే గేటు దగ్గరికి వెళ్తే మార్కులు చూసి అక్కడే ఆపేస్తారు. ఇదేం న్యాయమని మల్లన్నను అడుగుదామంటే, ఆయన ఏ బడిలో చదివాడో ఎవరికీ తెలియదు.

ఆ తర్వాత నందు ఎదురుపడినప్పుడల్లా “కంగ్రాట్స్ మేడమ్” అని తప్పించుకుంటున్నాడు. ఒక మనిషికి ఎన్నిసార్లు కంగ్రాట్స్ చెబుతారు?

హాస్టల్‌కు వెళ్లే రోజు వచ్చింది. గచ్చిబౌలి అవతల అనగానే ఆటోవాళ్లు దుబాయ్ రమ్మన్నట్టు చూశారు. “మన పాల ట్రాలీ ఉండగ ఫికర్ ఎందుకు?” అన్నాడు బీరయ్య. ముందు ఇద్దరికే చోటు, నడిపే నందుకు, పక్కన పూజితకు. సామాన్లు పడిపోతాయంటూ పెద్దలిద్దరూ వెనకెక్కి, ట్రంకు పెట్టె మీద కూర్చున్నారు. ఆరాంఘర్ దగ్గర వాన మొదలైంది. వాళ్లు సామాన్ల మీది తాటిపత్రి లాగి కప్పుకున్నారు.

“ఏమన్న మాట్లాడు” అంది పూజిత.

“సీట్ బెల్ట్ పెట్టుకో.”

“గది కాదు. నేను పోవొద్దని ఉన్నదంటివి గదా ఆ రోజు?”

నందు వైపర్ వేగం పెంచాడు.

“అవు, గట్లనే అన్న.”

“ఎందుకు?”

“ఎట్ల చెప్పాలె? సీటు రాకముందు చెప్తే నిన్ను ఆపనీకి చెప్పిండంటవు. వచ్చినంక చెప్తే సీటు చూసి చెప్పిండంటరు. మూడుసార్లు డిగ్రీ రాసినోన్ని, ఏ టైంకు చెప్పాల్నో నాకేం ఎరుక?”

“ఇప్పుడు చెప్పు.”

“ఫ్లైఓవర్ మీదున్నం. ఈడ బండి ఆపొద్దు.”

“ఆపమన్ననా? నడుపుకుంటనే చెప్పు.”

నందు స్టీరింగ్‌ను బర్రె కొమ్ముల్లా గట్టిగా పట్టుకున్నాడు. “నువ్వంటే నాకు మస్తు ఇష్టం. కొట్టంల అన్ని బర్రెలకు తెల్సు. నీకొక్కదానికే తెల్వదు.”

“నాకు తెల్సి చాన రోజులైంది. నాకు గూడ నువ్వంటే ఇష్టం.”

“నిజంగనా?”

“ఏడాది కోర్సు. ఆదివారం ఆదివారం రావాలె. ఉత్త చేతులతోటి రాకు, హాస్టల్ చాయ్ నీళ్ల లెక్కనే ఉంటదంట.”

నందు ముఖంలోకి నవ్వు తిరిగొచ్చి, అంతలోనే ఆగింది. “మరి మీ నాయిన ఒప్పుకుంటడా?”

వెనక అద్దం మీద ఎవరో టకటకా కొట్టారు. చిన్న కిటికీ పక్కకు జరిగింది. నెత్తిన తాటిపత్రితో, ముక్కు కొసన వాన చుక్కతో సీతారాం ముఖం కనిపించింది.

“నాయిన ఈడనే ఉన్నడు” అన్నాడాయన. “చెప్తడా, చెప్పడా అని చూస్తుంటె మా ఇద్దరి అంగీలు తడిసి ముద్దైనయి.”

“ఎట్లనో గట్ల చెప్పిండు గదా సీతారాం. ఇగ కిటికీ ముయ్యి” అంది తాటిపత్రి కింద బీరయ్య గొంతు.

“మూస్త గని...” సీతారాం తల ఇంకొంచెం లోపలికి పెట్టాడు. కూతురి వైపు చూశాడు, నందు వైపు చూశాడు, ముందున్న లారీ వైపు చూశాడు.

“అల్లుడా, జర రోడ్డు చూసి నడుపు!”