చౌడక్క చెయ్యి

మీ నాయన వీపు మీద మచ్చనా అబ్బీ? నీళ్లు పోసేటప్పుడు చూసినావా... అయిదు వేళ్లూ ఉండాయి కదా. అది పుట్టుమచ్చ కాదులే. ఇప్పుడు వాడే పాయె, ఇంక ఎవరికని దాచేది.

పెనుకొండలో నా తొలి కాన్పుకు మంత్రసాని చౌడక్క. చేతులకు ఆముదం రాసి, నిప్పుల మీద కాచుకోనిగానీ కడుపు ముట్టేది కాదు. ఆ ముందురోజే నేను బాయికాడ జారి బోర్లా పడింటి. అత్తకు భయపడి చెప్పలే. బిడ్డ చచ్చి పుట్టె. "ఏం జేసినావే?" అని అత్త మీదికొచ్చె. "చౌడక్క గట్టిగా అదిమింది" అంటి. ఆ ఒక్క మాటే అబ్బీ. అత్త ఊరంతా చాటె. మళ్లా చౌడక్కను ఒక్క ఇంటికీ పిలవలే. ఏడాది తిరక్కుండా పస్తులుండి సచ్చిపాయె.

ఆ మరుసటేడు, అరవై రెండులో, మళ్లా నొప్పులొచ్చె. దీపాలు పెట్టే పొద్దు. వాన. ఇంకో మంత్రసానిని పిలుచుకొచ్చేదానికి అత్త పాయె. నేనొక్కదాన్నే. గాలికి దీపం ఆరిపాయె. కాగిన ఆముదం వాసనొచ్చె... పొయ్యి రాజెయ్యలే అబ్బీ. ఇంట్లో ఆముదమూ లేదు.

కడుపు మీద చెయ్యి పడె. ఎచ్చగా.

"బిడ్డ అడ్డం తిరిగుండాది నీలావతీ. అప్పుడు తప్పు నా చేతిదా?"

"కాదక్కా... నేనే బాయికాడ పడింటి."

"నాకు చెప్తే ఏమొస్తాది? మీ అత్తకు చెప్పు."

"చెప్తా. నీ కాళ్లు మొక్కుతా, చెప్తా."

బిడ్డ బయటపడె. వాని ఎనకే ఇంకోడు.

ఆ మంత్రసాని దొరకలేదని అత్త ఒక్కతే తడిసి వచ్చె. చూస్తే, బొడ్లు కోసి, తుడిచి, ఇద్దర్నీ చేటలో పండబెట్టుండాది.

"ఎవరొచ్చినారే?"

తలుపు ఎనక ఆముదం వాసన... పోలే. వింటాండాది.

"ఎవరూ రాలేదత్తా. నేనే చేసుకుంటి."

అత్త నవ్వె. "గట్టిదానివే. ఆ చౌడి ముండ చెయ్యి పెట్టకుంటే పోయినేటి బిడ్డా బతికుండు, కాదా?"

"ఊ" అంటి.

వాసన పాయె. అలిసిపోయి పండుకుంటి.

పొద్దున తలుపు గడియ ఏసింది ఏసినట్లే ఉండె. చేటలో మీ నాయన బోర్లా ఉండె. వీపు మీద అయిదు వేళ్లు, జిడ్డుగా. ఎంత తుడిచినా పోలే.

పక్కన మీ చిన్నాయన లేడు.