జోడుబండల కాడి విజిల్

పొద్దుగూకినంక గుట్ట మీది జోడుబండల దిక్కు పోవొద్దని కొత్వాల్‌గూడల ఏ పోరగాన్ని అడిగినా చెప్తడు. ఎందుకంటే... అక్కడ విజిల్ ఇనవడ్తది.

నోటితోని ఏసే ఈల కాదు. బడిల పీటీ సారు ఊదుతడు చూడు, గసొంటి విజిల్. మొదట్ల పొడుగ్గ ఒక్కటే కూత ఉండె. జరసేపైనంక మల్ల ఒకటి. ఎవరో జవాబు కోసం చూస్తున్నట్టే ఉండె.

మా చెన్నయ్య ఉన్నడు గద, గొర్లు కాస్తడు. ఒకనాడు మేకపిల్ల తప్పిపోతే గుట్ట కింద దేవులాడుతుండంగ ఇనవడ్డదట. మేకపిల్లను ఇడిసిపెట్టి, కాలి చెప్పొకటి ఆడనే ఇడిసిపెట్టి ఉరికొచ్చిండు. నా హోటల్ బల్ల మీద కూలవడి, "జంగమ్మా... నీళ్ళు" అన్నడు. కల్లు జర ఎక్కువైందా అని నవ్విన. తర్వాత శంషాబాద్‌కు పాలు పోసెటోళ్ళకు ఇనవడ్డది. హిమాయత్ సాగర్ల చేపలు పట్టెటోళ్ళకు ఇనవడ్డది. ఇగ నాకు నవ్వేడిది?

నాది రోడ్డు మీద చాయ్ హోటల్. హోటలంటే పెద్దగ ఏం లేదు, రేకుల కప్పు, రెండు బల్లలు. బస్సు నా ముందటనే ఆగుతది కాబట్టి గుట్టకు పొయ్యెటోళ్ళందరు నాకెరుకే.

ఆ పిల్లలు గూడ గట్లనే ఎరుక. మైలార్‌దేవ్‌పల్లి దిక్కు చర్చి యూత్. ఆదివారం ఆరాధన అయిపోంగనే బూట్లు, బ్యాగులు ఏసుకొని బస్సు దిగుతుండిరి. ఏందిరయ్యా ఇది అంటే ట్రెక్కింగట! బర్రె తప్పిపోయినోడు గుట్టెక్కుతడు, పొయ్యిల కట్టెలు లేనోడు ఎక్కుతడు, మీదేం పోయిందిరా అని మస్తు ఎక్కిరిస్తుంటి. "హాబీ, జంగమ్మక్కా" అని నవ్వుతుండె బ్లెసన్. ఆయనే వాళ్ళ లీడరు. మంచి పిలగాడు, ఎవరన్న అలిసిపోతే వాళ్ళ బ్యాగు గూడ ఈయనే మోస్తుండె.

వాళ్ళకొక కట్టుబాటు ఉండె. వరుసల ముందట బ్లెసన్ నడవాలె, ఆఖర్ల ఇంకొకడు. ఇద్దరి మెడల విజిల్లు. ఆఖరోడు పొడుగ్గ ఒకటి ఊదితే — ఆగుండ్రి అని. ముందటోడు పొట్టిగ రెండు ఊదాలె — ఇన్నం, ఆగినం అని. జవాబియ్యకుండ ముందటోడు అడుగు ఎయ్యొద్దు.

ఆఖర్ల ప్రేమ్ రాజ్‌ను పెట్టిండ్రు. మరియమ్మ అని, వాళ్ళ చర్చిలనే ఒకామె ఉంది, ఆమెకు ఒక్కగానొక్క కొడుకు. ఇగ వాని చేతికి విజిల్ దొరికింది, ఊకుంటడా? నెమలి కనవడితే ఊదుడు. చెప్పు తెగితే ఊదుడు. ముల్లు గుచ్చితే ఊదుడు. అందరు ఆగుడు, వాన్ని తిట్టుడు, మల్ల నవ్వుడు.

తొంభై ఆరు వానకాలం. ఒక ఆదివారం పిల్లలు గుట్ట దిగొచ్చి చింతచెట్టు కాడ కూసున్నరు. ఖంజర కొట్టుకుంట పాటలు పాడిండ్రు. బస్సు టైము కాంగనే లేచి పోయిండ్రు.

ప్రేమ్ రాజ్ దిగలేదు. ఎప్పటి లెక్క అడ్డదారిన ఇంటికి పోయుంటడు అనుకున్నరట. తెల్లారి జోడుబండల సందుల దొరికిండు. తడిసిన బండ మీద కాలు జారి ఆ సందుల పడ్డడు. విజిల్ ఇంకా నోట్ల పండ్ల మధ్యనే ఉండెనట... నా తండ్రి.

"ఊదినట్టున్నడు గదరా, మీకు ఇనవడలేదా?" అని పెద్దమనుషులు అడిగిండ్రు. బ్లెసన్ తల దించుకొని, "ఖంజర మోతల ఇనవడలేదు" అన్నడు. మిగిలినోళ్ళు గూడ అదే మాట అన్నరు.

ఆ తర్వాత కొన్ని నెలలకే విజిల్ మొదలైంది. అది గూడ ఆదివారం ఆదివారమే. సచ్చిన పిలగాడు పిలుస్తుండని ఊరంత గుసగుస. నేనేం తక్కువ తిన్ననా? బస్సు దిగినోళ్ళందరికి చెప్పిన. దెయ్యం ముచ్చట పెడితే రెండో చాయ్ తాగుతరు, అబద్ధమెందుకు చెప్పాలె.

నెత్తి నిండ కొంగు కప్పుకున్న ఒకామె వస్తుండె. సాగర్ కాడ చుట్టాలింటికి పోతున్న అంటుండె. ఒకనాడు చిన్నగ అడిగింది.

"అక్కా... ఆ విజిల్ ఎంత దూరం ఇనవడ్తది?"

"చింతచెట్టు కాడికైతే సాఫ్ ఇనవడ్తదమ్మా."

"మోత ఉంటే గూడనా?"

"మోతనా? చేపలోళ్ళు టేప్‌రికార్డరు పెట్టుకొని ఎగురుతుంటెనే ఇనవడ్డదట!" అని చేతులు తిప్పుకుంట చెప్పిన.

ఆమె చాయ్ గ్లాసు సగంలనే పెట్టేసి లేచిపోయింది. భయపడ్డది పాపం అనుకున్న.

ఇంకో ఆదివారం, దీపాలు పెట్టే యాళ్ళకు బ్లెసన్ ఒక్కడే బస్సు దిగిండు. మనిషి సగమైండు. కండ్లు లోపటికి పోయినయి.

"జంగమ్మక్కా... నిజంగనే ఇనవడ్తదా?"

"ఇనవడ్తది. పోకు బిడ్డా."

ఇంటేనా? పోయిండు. ఇగ ఇక్కడికెల్లి నేను చెప్పేదంత ఆ రాత్రి మల్లొచ్చి ఆయన నోటితోని ఆయనే చెప్పింది.

బ్యాటరీ లైటు ఏసుకొని చింతచెట్టు దాక పోయిండట. గాలి లేదు. ఆకు గూడ కదుల్తలేదు. ఆ దినం అందరు కూసున్న బండ మీదనే కూసున్నడు. కూసోంగనే ఆ ఆదివారమంత కండ్ల ముందటికి వచ్చింది.

ఇనవడకపోవుడేంది — మంచిగ ఇనవడ్డది. ఒకపారి కాదు. "ఎవ్వడు జవాబియ్యొద్దు. మల్ల నెమలే కనవడ్డదో, చెప్పే తెగిందో... జర బుద్ధి రావాలె వానికి" అని అందరితోని ఈయనే అన్నడు. అయినా కూత ఆగకపోతే ఖంజర అందుకొని ఇంకింత గట్టిగ కొట్టిండు. ఇనవడొద్దనే కొట్టిండు! కొట్టి కొట్టి ఆపే యాళ్ళకు పైన కూత గూడ ఆగిపోయింది. హమ్మయ్య, ఇగ ఊకున్నడు అనుకున్నడట.

అప్పుడే... గుట్ట మీద విజిల్ మోగింది.

పొడుగ్గ. ఒక్కటే.

బ్లెసన్ ఉరకలేదు. పైకే ఎక్కిండు. "వస్తున్నరా... ఆగు, వస్తున్న" అని గొణుగుకుంట ఎక్కిండు. మల్ల మోగింది, ఈపారి ఇంకా దగ్గర్ల. లైటు చేతిలకెల్లి జారి బండల నడుమ పడి ఆరిపోయింది.

జోడుబండల సందు కాడ... తెల్లగ ఏదో ఉంది. అటు తిరిగి కూసోని ఉంది.

బ్లెసన్ మోకాళ్ళ మీద పడ్డడు.

"ప్రేమ్... మాఫ్ చెయ్యిరా. నేను ఇన్నరా. ఆ దినం ఇన్న. కావాల్నని ఊకున్న. అబద్ధం చెప్పినరా, మీ అమ్మకు గూడ అబద్ధం చెప్పిన..."

ఆ తెల్లటిది మెల్లగ ఇటు తిరిగింది. నెత్తి మీదికెల్లి కొంగు జారింది.

"ఇనవడ్డదా... కొడుకా?"

మరియమ్మ.

ఆమె తిట్టలేదు, కొట్టలేదు. గుసగుసగ చెప్పుకుంట పోయింది.

"ఇనవడలేదంటివి, నమ్మిన. ఎంత దూరం ఇనవడ్తదో చూద్దామని ఒకనాడొచ్చి ఊదిన. ఎవడో గొర్లాయన చెప్పు ఇడిసిపెట్టి ఉరికిండు. మల్లొచ్చి ఊదిన. ఊరంత దెయ్యమన్నరు. పాటల మోతల గూడ ఇనవడ్తదని హోటలామె చెప్పింది. అందరికి ఇనవడ్తున్నది... నా కొడుకు దోస్తుకొక్కనికే ఎట్ల ఇనవడలే అని నా పాణం కొట్టుకుంది, బిడ్డా."

"పెద్దమ్మా..." అని ఆమె కాళ్ళు పట్టుకున్నడు. ఆమె కాళ్ళు గుంజుకోలేదు. మెడలకెల్లి కొడుకు విజిల్ తీసి ఆయన చేతుల పెట్టింది.

"వాడు జవాబు కోసం చూసిండు. ఇయ్యి."

నోట్ల పెట్టుకున్నడు గని ఊపిరి ఏడుపై పోయింది. మల్ల పెట్టుకున్నడు. ఆఖరికి ఊదిండు — పొట్టిగ రెండు.

"ఇంకోపారి" అన్నది మరియమ్మ.

ఊదిండు.

"ఇంకోపారి... వాడు ఎన్నిపార్లు పిలిచిండో నీకే ఎరుక. అన్నిపార్లు ఇయ్యి."

అదే టైముకు నా హోటల్ల చెన్నయ్య ఉరికొచ్చి పడ్డడు. ఈపారి రెండు కాళ్ళ చెప్పులు లేవు. "జంగమ్మా! ఇయ్యాల దెయ్యం రెండు రెండు ఊదుతున్నది!" అన్నడు. నేను తలుపు గొళ్ళెం పెట్టుకొని దండం పెట్టుకుంట కూసున్న. బ్లెసన్ వచ్చి తలుపు కొట్టేదాక తియ్యలేదు. ఆయనెనక మరియమ్మ నిలవడి ఉంది. నెత్తి మీద కొంగు లేదు గని ఆ మొఖం నేను ఎట్ల మరుస్త... సగం చాయ్ ఇడిసిపెట్టి పోయినామె.

ఇప్పటికి గూడ ఆదివారం మాపటికి జోడుబండల కాడ విజిల్ ఇనవడ్తది, పొట్టిగ రెండు. బ్లెసన్ ఆమెను చెయ్యి పట్టుకొని తీస్కపోయి, మల్ల చెయ్యి పట్టుకొనే బస్సు ఎక్కిస్తడు. దెయ్యమేనని ఊరోళ్ళు ఇంకా ఉరుకుతనే ఉన్నరు. నేనైతే రెండో చాయ్ కోసం ఆ ముచ్చట చెప్పుడు బందు పెట్టిన.