తేదీ వేసిన గాటు

కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్న గుమస్తా, నురగ పూయడం అయ్యాక కళ్ళు తెరిచాడు. మడత కత్తి పట్టుకుని నిలబడింది సెలూన్ ఓనరు కాదు, ఓనరు కూతురు.

"మీరా గీసేది?" అన్నాడు లేచి కూర్చుంటూ.

"భయమైతే మీరే గీసుకోండి."

"గీసుకుంటా. నేర్పండి."

పౌరుషానికి పోయి అన్న మాట అది. ఆమె నిజంగానే సొరుగులోంచి ఇంకో కత్తి తీసి అతని చేతిలో పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే సర్దింది. నాలుగో వేలు దగ్గరికి వచ్చేసరికి మనవాడి పని అయిపోయింది.

అప్పటినుంచి ప్రతి ఆదివారం పాఠం. చర్మం బిగించాలి, కత్తి కాస్త వాల్చాలి, ఊపిరి బిగబట్టకూడదు. ఆమె అంత దగ్గరగా నిలబడి చెబుతుంటే ఊపిరి ఎవరి మాట వింటుంది?

ఆ కత్తితో అతనికి ఒక్క వెంట్రుకా తెగేది కాదు. తన చేతకానితనమే అనుకున్నాడు, అదీ ఒకందుకు మంచిదే అనుకున్నాడు. విద్య వచ్చేస్తే పాఠాలు ఆగిపోతాయి కదా. పైగా ఇంట్లో సాధన చేస్తూ కోసుకున్నట్టు దవడ మీద చుక్క ఎర్ర సిరా, దాని మీద ప్లాస్టర్ వేసుకుని వచ్చేవాడు. ఆఫీసుకొచ్చే కాగితాల మీద 'అందినది' అని సీలు కొట్టే ఉద్యోగం, సిరాకి కొదవేం ఉంది.

"అయ్యో, మళ్ళీ తెగిందా?" అనేది ఆమె. చివరికి ప్లాస్టర్‌ని తప్పించి, తన కత్తితో తనే నున్నగా గీసి పంపేది.

మూడు నెలలకి ఓనరు ఓపిక అయిపోయింది.

"వచ్చేవారం నా ముందు గియ్యి బాబూ. విద్య వస్తే ఇక రానక్కర్లేదు. రాకపోతే అసలు రావద్దు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆమెని చూడని ఆదివారం ఎలా ఉంటుందో ఊహించుకోవడానికి కూడా అతనికి ధైర్యం చాల్లేదు. గాయం పెద్దదైతే పరీక్ష వాయిదా పడుతుందని, శనివారం ఆఫీసులో ఏకంగా సీలే తీసి దవడకి గట్టిగా ఒత్తుకున్నాడు.

ఆదివారం ఓనరు ఆ పెద్ద ప్లాస్టర్‌ని చటుక్కున పీకి, కళ్ళజోడు సర్దుకుని చదివాడు.

"అందినది. నిన్నటి తేదీ." తలెత్తి గుమస్తాని చూశాడు. "మీ ఆఫీసులో రక్తానికి కూడా తేదీ వేస్తారా?"

గుమస్తా దవడని చేత్తో కప్పుకున్నాడు. ఓనరు అతని కత్తి తీసుకుని బొటనవేలు ఆనించి చూశాడు.

"దీంతో వెన్న కూడా తెగదు. సాన ముఖం చూసి ఎన్నాళ్ళైందో. ఎవరిచ్చారు?"

కూతురు అద్దం తుడవడం మొదలుపెట్టింది.

"మీరేనా?" అన్నాడు గుమస్తా. "మరి నాకు తెగలేదని మీకు ముందే తెలుసా?"

"మొదటి వారమే తెలుసు."

"అలాంటప్పుడు అయ్యో అని ఎందుకన్నారు?"

"అంత కష్టపడి సిరా పూసుకొస్తే, అయ్యో అనకపోతే బాగుంటుందా?"

"ఈ మొద్దు కత్తి ఎందుకిచ్చారు?"

"పదునున్నది ఇస్తే నేర్చేసుకుంటారు." ఆమె గొంతు తగ్గింది. "నేర్చేసుకుంటే ఎందుకొస్తారు?"

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడు, నేనెంత," అని ఓనరు గొణిగి, మంచి కత్తి ఒకటి తోలుపట్టీ మీద నాలుగుసార్లు నూరి గుమస్తా చేతిలో పెట్టాడు. "ఇది తెగుతుంది. ఇప్పుడు చెప్పు. ఇంకా నేర్చుకోవాలనుందా?"

"ఉందండీ," అన్నాడు గుమస్తా. నురగ పూసుకుని, కత్తి దవడకి ఆనించి గీశాడు. నురగలో సన్నటి ఎర్రగీత తేలింది.

ఆమె అతని భుజం మీద చెయ్యి వేసి వంగి చూసింది. "ఇది నిజమేనా?"

"నిజమే. మూడు నెలలుగా నిజమే. మీరు లేకుండా నా వల్ల కాదు."

ఆ చెయ్యి అతని భుజం మీద అలాగే ఉండిపోయింది. ఓనరు అటు తిరిగి తువ్వాలు దులుపుతూ అన్నాడు:

"చూస్తూ నిలబడతావేమే, పటిక రాయి. అల్లుడి మొహం పాడైపోతుంది."

పటిక చుర్రున మండింది. గుమస్తా కళ్ళనీళ్ళతో హాయిగా నవ్వాడు.