అలుగు కాలువకు అడ్డం

ఆదివారం పొద్దున త్రివేణి పాలు పిండుకొచ్చి చాయ్ పెట్టేసరికే వాకిట్లో మామ కాటయ్య గొంతు లేచింది.

"ఇంటి కోడలివయ్యుండి నా పొలం గట్టు తవ్విస్తవా?"

మునగాల దగ్గరి ఆ ఊళ్ళో చెరువు నిండితే, మిగులు నీళ్ళు అలుగు కాలువ గుండా వాగులో కలవాలి. పూడికతో, కంపచెట్లతో కాలువ సన్నబడిపోయింది. నిరుడు వరద కింది వాడ మీద పడి పదకొండు ఇళ్ళు కూలాయి. ఈసారి వానల్లోపే కాలువ బాగు చేసుకుందామని మహిళా సంఘం అధ్యక్షురాలిగా త్రివేణి గడప గడపకూ తిరిగింది. ఇంటికొకరు వస్తామన్నారు. కాలువలోకి చొచ్చుకొచ్చిన కాటయ్య గట్టు ఒక్కటే అడ్డంగా మిగిలింది.

"సర్వేయర్ కొలిచిండు మామా. ఆ జాగ కాలువదే."

"ఊరంతట్ల నా గట్టే కనబడ్డదా?"

"నాయినా, జర ఇను..." అనబోయిన భర్త మహేశ్వర్ తండ్రి చూపుకి ఆగిపోయాడు. త్రివేణికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా వెనక్కి తగ్గలేదు.

"నిరుడు నాగయ్య తాత ఇల్లు కూలితే, గోడ కింద పడ్డ అవ్వను బయటికి గుంజింది నువ్వే గద! మళ్ళ అట్లయితే ఎట్ల మామా?"

కాటయ్య ముఖం పాలిపోయింది. అరుగు మీద కూలబడ్డాడు.

"అందుకే బిడ్డా..." అన్నాడు తల వంచుకుని. "ఆ నీళ్ళు నా గట్టుకు తగిలే వాడ మీదికి మల్లినయ్. కండ్లార సూసిన. ఇప్పుడు గట్టు తీస్తే, ముంచింది నేనే అని ఒప్పుకున్నట్టే. ఇగ వాళ్ళ మొఖం ఎట్ల సూడాలె?"

ఏడాదిగా ఆయన వాడ వైపు ఎందుకు పోవడం లేదో, కంచం ముందు నుంచి ఎందుకు సగంలోనే లేచిపోతున్నాడో త్రివేణికి అప్పుడు తెలిసింది. వెళ్ళి పక్కన కూర్చుంది.

"నేను నీ ఎంట ఉంట మామా. పోదాం పా."

కాలువ దగ్గర అరవై మంది దాకా ఉన్నారు. కాటయ్య వాళ్ళ నడుమ నిలబడి, దాచుకున్నదంతా చెప్పేశాడు. అందరూ నాగయ్య వైపు చూశారు.

"ఇల్లు పోయింది మరిచిపోను కాటన్నా," అన్నాడు నాగయ్య మెల్లగా. "మా ముసల్దాన్ని బతికించింది గూడ మరిచిపోను. పార పట్టు. గట్టు ఇద్దరం కలిసే తీద్దాం."

తొలి దెబ్బ కాటయ్యే వేశాడు. కింది వాడ, మీది వాడ తేడా లేకుండా జనం కాలువలోకి దిగారు. ఆడవాళ్ళు తట్టలందించారు, అత్త బుచ్చమ్మ పెద్ద పెద్ద గంజుల కొద్దీ అన్నం వండించింది. ఐదో రోజుకి కాలువ వాగును కలిసింది.

శ్రావణంలో మూడు రోజులు ఎడతెగని వాన. చెరువు అలుగు దుంకింది. జనమంతా గొడుగులతో, తలకు కప్పుకున్న యూరియా సంచులతో ఒడ్డున నిలబడి ఊపిరి బిగబట్టారు. ఎర్రటి నీళ్ళు ఉరుకులు పెడుతూ వచ్చి, వాడ పక్కనుంచి నేరుగా వాగులోకి దుమికాయి. ఒక్క గడపా మునగలేదు. ఈలలు, కేకలతో ఒడ్డంతా దద్దరిల్లింది.

వారానికే పక్క ఊరివాళ్ళు కాలువ చూడ్డానికి వచ్చారు. "ఎవరు చేయించిండ్రు పెద్దాయినా?" అని అడిగారు.

"మా కోడలు," అన్నాడు కాటయ్య, నిండు గొంతుతో. "ఊరంతా కలిసి తవ్వింది. అడ్డం పడ్డది నేనొక్కణ్ణే. రాండ్రి, ఆమెనే అడుగుండ్రి."

మందిలోంచి ముందుకు వస్తున్న త్రివేణికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. కొంగుతో కళ్ళు తుడుచుకుని, తలెత్తి చెప్పడం మొదలుపెట్టింది.