మంచు కోసం ఆగినవాడు

మంగళవారం వస్తుందన్న మంచు తుఫాను గురువారానికి కూడా రాలేదు. సైకిల్‌కి మంచు మీద జారని మేకుల టైర్లు ఎక్కించి గరాజ్‌లో పెట్టుకుని కూర్చున్నాను. ఫోన్‌లో వెదర్ యాప్ గంటగంటకీ మాట మారుస్తోంది. సాయంత్రమట. కాదు, రాత్రట. కాదు, రేపట! అది వచ్చి పోయేదాకా సైకిల్ ముట్టుకోవద్దని నా భార్య వర్ష తేల్చి చెప్పేసింది.

ఎండైనా చలైనా రోజూ తొక్కేవాణ్ణి. ఇంట్లో కూర్చుని కూర్చుని పిచ్చెక్కింది. గురువారం లంచ్ అవగానే హెల్మెట్ తీశాను.

"ఒక్క రౌండ్ కొట్టి వచ్చేస్తా."

"అది వస్తే ఒక్కసారిగా మీద పడుతుంది హర్షా."

"పడనీ! వస్తే కదా!" విసుక్కుంటూ బయటపడ్డాను.

మిస్సిసాగాలో మా ఇంటి వెనక నది పక్కనే ట్రయిల్, సైకిళ్లు తిరిగే బాట. మనిషి జాడ లేదు. గాలి లేదు. ఆకాశం సున్నం కొట్టిన గోడలా ఉంది. చలికి ముక్కులో ఇనుము వాసన. టైర్ల చిటపట తప్ప చప్పుడే లేదు.

చెక్క వంతెన మీద ఒకాయన సైకిల్ పట్టుకుని దారికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. నాకు వీపే కనిపిస్తోంది. ఎండాకాలం వేసుకునే పొట్టిచేతుల జెర్సీ. గ్లౌజులు కూడా లేవు.

బెల్ కొట్టాను. కదల్లేదు. అసలే చిరాకులో ఉన్నాను.

"ఎక్స్‌క్యూజ్ మీ!" అని అరిచాను.

అటే తిరిగి ఉండి, తెలుగులో, గుసగుసగా అడిగాడు.

"ఇంకా రాలేదాండీ?"

"ఏంటి?"

"తుఫాను. అది వస్తే గానీ నేను ఇక్కణ్ణుంచి కదలలేను."

నేను తెలుగువాణ్ణని ఇతనికెలా తెలుసు...?

అప్పుడే మంచు మొదలైంది. నా బుగ్గ మీద పడ్డ పలుకు కరిగిపోయింది. అతని చేతుల మీద పడ్డవి కరగలేదు. అలాగే పేరుకుంటున్నాయి. మెల్లగా తల తిప్పాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. ఆ కళ్ల మీద కూడా మంచు పడుతోంది... రెప్ప వేయడం లేదు.

"వచ్చేసింది," అన్నాడు. "పదండి. మీ ఇల్లెటు?"

సైకిల్ తిప్పేశాను. గాలి లేచింది. ముందు చక్రం కూడా కనిపించడం లేదు. వెనకాల గొలుసు చప్పుడు... నేను తొక్కితే వినిపిస్తోంది. ఆగితే ఆగుతోంది. వెనక్కి చూడలేదు.

వర్ష తలుపు తీసి నన్ను లోపలికి లాగింది. అన్ని తలుపులకీ తాళాలు వేశాను.

"ఎవరు బెల్ కొట్టినా తీయకు."

నా మొహం చూసి కిటికీల పరదాలు కూడా లాగేసింది. ఎవరూ కొట్టలేదు. రాత్రంతా గాలి మాత్రం ఊళ పెట్టింది.

తెల్లారి తుఫాను తగ్గింది. తలుపు తీశాం. మోకాలి లోతు మంచు, ఎక్కడా ఒక్క అడుగు జాడ లేదు. మెట్టు ముందు మాత్రం రెండు చోట్ల, బూటు అచ్చుల్లా, కాంక్రీట్ బయటపడి ఉంది. పొడిగా. రెండూ మా తలుపు వైపే తిరిగి ఉన్నాయి.

వర్ష నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మంచు ఇంకా సన్నగా రాలుతూనే ఉంది. ఆ రెండు చోట్లా మాత్రం ఒక్క పలుకు పడటం లేదు.