పులిమెట్ట మీద గడ్డం

ఆటోనగర్‌లో మధ్యాహ్నం ఒంటిగంటకి లేత్ మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగుతాయి. భోజనాల వేళ. బుధవారం నాడు అవి ఆగడానికి రెండు నిమిషాల ముందు వీర్రాజుని కాల్చేశారు. ఆ రొదలో తుపాకీ చప్పుడు ఎవరికీ వినబడలేదు.

వీర్రాజుది టెంట్లు కుట్టే షాపు. పైకి అంతే. లోపల పదిహేనేళ్ళుగా మన గూఢచారి విభాగానికి కన్నూ చెవీ వాడే. రక్తం కారుతూనే విభాగం నంబరుకి ఫోన్ చేశాడు. అవతల ఎత్తినవాడు చీఫ్ రమణమూర్తి. వీర్రాజు రెండు ముక్కలు చెప్పి ఆగిపోయాడు. రమణమూర్తి ఆ రెండు ముక్కల్నీ తన చేత్తోనే టైపు చేసి, రికార్డింగుని సీలు వేసి లాకర్లో పెట్టించాడు.

మర్నాడు మధురవాడలో బ్రీఫింగ్. విభాగం ఆఫీసు ఒక అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో ఉంది. బయట ఉద్యోగాలు ఇప్పించే కన్సల్టెన్సీ అని బోర్డు. పాపం, అప్పుడప్పుడూ ఎవరో ఒకరు నిజంగానే రెజ్యూమె పట్టుకుని వస్తుంటారు. కాఫీ ఇచ్చి పంపేస్తుంటారు.

రమణమూర్తి కాగితాన్ని టేబుల్ మీద ఇటు తిప్పాడు. వీర్రాజుతో ఏళ్ళ తరబడి పనిచేసిన ఏజెంట్ ఎల్లాజీ చదివాడు.

'గడ్డాన్ని చూడు.'

"ఇంతేనా సార్?"

"ఇంతే. శనివారం సాయంత్రం అయిదూ నలభైకి మన కొత్త నౌక హార్బర్ దాటి చానెల్‌లోకి వస్తుంది. అక్కడ నీళ్ళ అడుగున ఒక మైన్ పెట్టారు. పైన వల బెండు ఒకటి తేలుతుంటుంది. అందులో రిసీవర్. సిగ్నల్ అందితే మైన్ పేలుతుంది."

"ఆ బెండుని ఏరేస్తే?"

"అక్కడ వందల బెండ్లున్నాయి. డైవర్లు వెతుకుతూనే ఉన్నారు."

"నౌకని ఆపేస్తే?"

"ఇప్పటికి రెండుసార్లు ఆపించాం. రెండూ ఉత్తుత్తి కబుర్లే. మూడోసారి ఆపాలంటే సాక్ష్యం పట్రమ్మన్నారు."

సిగ్నల్ ఎక్కణ్ణుంచి వస్తుందో కూడా రమణమూర్తి చెప్పాడు. సింహాచలం వెనక కొండల్లో పులిమెట్ట నుంచి. అక్కడ 'అడుగుజాడ' అనే క్యాంపింగ్ క్లబ్బు శనివారం ఎనిమిది మందితో టెంట్లు వేస్తోంది. శత్రువుల ముఠా మనిషి అందులో ఒకడు. ఈ కబురు తెచ్చింది మధులత. ఆ క్లబ్బు లీడర్ ఆవిడే. ముఠా దగ్గర జీతం తీసుకుంటూ మనకి పనిచేసే డబుల్ ఏజెంట్.

"మనిషెవరో ఆవిడకీ తెలీదు. కానీ ఆ ఎనిమిది మందిలో గడ్డం ఉన్నవాడు ఒక్కడేనట." రమణమూర్తి కాగితం వెనక్కి తీసుకున్నాడు. "మీ తమ్ముడు ఆ నౌకలోనే ఉన్నాడు కదయ్యా. వద్దంటే చెప్పు, ఇంకొకర్ని పంపుతాను."

తమ్ముడు అర్జునరావు ఇంజిన్ రూమ్‌లో పనిచేస్తాడు. ఆ విషయం ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పకూడదు.

"నేనే వెళ్తాను సార్," అన్నాడు ఎల్లాజీ.

బయటికి వస్తుంటే టెక్నికల్ వాళ్ళు ఒక పొడుగాటి గరిటె చేతిలో పెట్టారు. దగ్గర్లో ఏ ట్రాన్స్‌మిటర్ పనిచేస్తున్నా దాని పిడి వణుకుతుందట.

పులిమెట్ట మీద పులి లేదు. కుళాయి లేదు, కరెంటు లేదు, దొడ్డి లేదు. అవేవీ లేవనే ఎనిమిది మంది పట్నంవాళ్ళు ఎగబడి వచ్చారు. ఇంట్లో గీజరు పనిచేయకపోతే గోల చేసే మనుషులు, ఇక్కడ ఎవరి గుంట వాళ్ళు తవ్వుకోవాలంటే చప్పట్లు కొట్టారు. క్లబ్బు రూల్సు గట్టివి. ఒక టెంటుకి ఇంకో టెంటు కనబడకూడదు. నీళ్ళకి రెండొందల అడుగుల లోపు టెంటు వేయకూడదు. ఫోన్లన్నీ లీడర్ సంచిలో పడేయాలి. వెళ్ళేటప్పుడు మనిషి వచ్చిన జాడే ఉండకూడదు. ఇంత అడవి జీవితంలోనూ సాంబారు మాత్రం వేరే ఎవరో వండిపెట్టాలి. అలా ఎల్లాజీ సింహాద్రి అనే వంటవాడై, బకెట్టూ గరిటే పట్టుకుని చెట్ల మధ్య టెంటు టెంటుకీ తిరగసాగాడు.

కట్టెలు తెచ్చింది కొండకింద ఊరి కాసులమ్మ. మోపు దించి, టెంట్ల వైపు జాలిగా చూసింది.

"ఏటి బాబూ, ఈలందరికీ ఇల్లు లేవేటి?"

"ఉన్నాయమ్మా. సరదాకి వచ్చారు."

"ఇదేం సరదా బాబూ? నాను రోజూ సేత్తన్నాను, నాకే సరదా నేదు."

మధులత పొయ్యి దగ్గరికి వచ్చేసరికి పదకొండయింది. చలవ కళ్ళద్దాలు, మట్టి రంగు జాకెట్టు, మనిషి నడుస్తుంటే అడవి కూడా ఒకసారి తిరిగి చూసేలా ఉంది. ఎల్లాజీ కోడ్ మాట వేశాడు.

"సాంబారులో ములక్కాడ వేయమంటారా మేడమ్?"

"నాకు ములక్కాడ పడదు. వంకాయ వేయండి." జవాబు సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "గడ్డం వాడు నాగవంశీ. పైన బండ వెనక టెంటు. వాణ్ణి వదలకండి. మీ దగ్గర పిస్టల్ ఉందా?"

"ఉంది."

"వంటవాడి నడుములో పిస్టల్ ఎవరైనా చూస్తే ఇద్దరం పోతాం. నా దగ్గర ఉంచండి. అవసరానికి నేనే అందిస్తాను."

ఎల్లాజీకి మనసొప్పలేదు. కానీ ఈ మిషన్‌లో లీడ్ ఆవిడది. ఇచ్చేశాడు.

"మీదేవూరు మేడమ్?"

"మాది విజయనగరం పక్కనే," అంది ఆమె నవ్వుతూ. "అన్నట్టు, నా టెంటుకి భోజనం తేవద్దు. నేనే వచ్చి తింటాను."

ఆవిడ టెంటు కింద వాగు ఒడ్డునే ఉంది. రూలు రాసినావిడే రూలు తప్పింది. అడిగితే, నీళ్ళ చప్పుడు లేకపోతే నాకు నిద్ర పట్టదు అంది. లీడర్లకి ఆ మాత్రం చెల్లుతుందిలే అనుకున్నాడు ఎల్లాజీ. అయినా ఆ ఆలోచన పంటిలో నార ఇరుక్కున్నట్టు అక్కడే ఉండిపోయింది.

నాగవంశీ టెంటు దగ్గర సాంబారు వడ్డిస్తుంటే గరిటె వణికింది.

ఫోన్లన్నీ సంచిలో ఉంటే ఇక్కడ ట్రాన్స్‌మిటర్ ఎక్కడిది? నాగవంశీ గడ్డం గుబురుగా, నల్లగా, కంఠం దాకా ఉంది. తింటున్నంతసేపూ దిక్కులు చూశాడు. వాచీ చూసుకున్నాడు. రెండోసారి అన్నం వద్దన్నాడు. వంట చేసినవాడికి అదొక్కటే చాలు, అనుమానం బలపడడానికి.

మూడింటికి కొండపై వైపున మబ్బు కమ్మింది. ఇక్కడ మాత్రం చుక్క పడలేదు. అయిదుంపావుకి నాగవంశీ అటూ ఇటూ చూసి బండ వెనక్కి జారుకున్నాడు. ఎల్లాజీ పొదల్లోంచి పాక్కుంటూ వెళ్ళాడు. గొంతు గుసగుసగా వినిపించింది.

"అంతా రెడీ... అయిదూ నలభైకి డిప్లాయ్ చేస్తున్నా... ఒకసారి లైవ్‌లోకి వెళ్ళాక వెనక్కి తీసుకోవడం కుదరదు. ఏదైనా పేలితే బాధ్యత నాదే."

ఇంజిన్ రూమ్ నీటిమట్టానికి కింద ఉంటుంది. పేలితే అక్కణ్ణుంచి ఎవరూ పైకి రారు. చిన్నప్పుడు తమ్ముడికి ఈత నేర్పింది తనే.

ఇక ఆగలేదు. దూకాడు. గరిటెతో మోచేతి మీద ఒక్కటిచ్చి, మెడ పట్టి బండకి అదిమాడు.

"రిమోట్ ఎక్కడ?"

"కొట్టకండి సార్! మా మేనేజర్ పంపించారా మిమ్మల్ని?"

"ఏ మేనేజర్?"

"లీవ్ ఇవ్వలేదు సార్. జ్వరమని చెప్పి వచ్చేశాను. ఈరోజు రిలీజు ఉంది సార్!"

పక్కన లాప్‌టాప్, లీడర్ సంచిలో వేయకుండా దాచుకున్న రెండో ఫోన్. గరిటె వణికింది దానికే. తెర మీద కిరాణా సరుకులు ఇంటికి పంపే యాప్. ఉల్లిపాయల బొమ్మ, దాని కింద 'కొత్త వెర్షన్' అన్న అక్షరాలు. నాగవంశీ కళ్ళల్లో నీళ్ళు గడ్డంలోకి కారుతున్నాయి. ఎల్లాజీ లాప్‌టాప్ అటూ ఇటూ తిప్పి చూశాడు. నిజమే. ఉల్లిపాయలే.

టైము అయిదూ ఇరవై తొమ్మిది. మరి గడ్డం ఎవరిది?

అప్పుడు పైనించి కాసులమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. చీర కుచ్చెళ్ళు బొడ్లో దోపుకుని ఉంది.

"బాబూ! పైన వాన పడిపోనాది! గెడ్డని సూడు! గెడ్డొచ్చేత్తాది!"

ఎల్లాజీ ఉన్నచోటే నిలబడిపోయాడు.

గెడ్డ. ఈ వైపు వాగుని అలాగే అంటారు. ఆ మాట పలికే ఊళ్ళోనే పుట్టాడు తను. ఇరవై ఏళ్ళ ట్రాన్స్‌ఫర్లలో నాలుక కడిగేసుకుని, పొద్దున్నుంచీ వాగు, వాగు అని నోటికి వచ్చినట్టు అనుకుంటున్నాడు. రమణమూర్తిది కృష్ణా జిల్లా. లేత్ మిషన్ల రొదలో వీర్రాజు 'గెడ్డని సూడు' అంటే ఆయన చెవికి 'గెడ్డాన్ని' అని వినబడింది. దాన్ని మర్యాదగా దిద్ది 'గడ్డాన్ని' అని టైపు చేశాడు. వీర్రాజు మనిషిని చూపించలేదు. చోటుని చూపించాడు. గెడ్డ పక్కన ఉన్న టెంటు ఒక్కటే.

"ఎంతసేపట్లో వస్తాదమ్మా?"

"మాటల్లోనే, బాబూ. పావుగంట కూడా ఉండదు."

ఎల్లాజీ గరిటె పట్టుకునే కిందికి పరిగెత్తాడు. టెంట్లలో ఎవరైనా పిలిచినా వినబడలేదు. తమ్ముడి ముఖం తప్ప ఏదీ కనబడలేదు. తన చేతులతో తనే పిస్టల్ ఇచ్చాననే సిగ్గు వీపు మీద కొరడాలా తగులుతోంది.

గెడ్డ దగ్గర మధులత టెంటు లేదు. టెంటు పోల్సన్నీ ఒకదానికొకటి బిగించి యాంటెన్నా అయ్యాయి. అది గెడ్డ నడుమ రాయి మీద మూడు కాళ్ళ మీద నిలబడి ఉంది. పక్కనే ఆమె. పులిమెట్ట అంతా చెట్లే, గెడ్డ పారే దారి ఒక్కటే ఖాళీ. ఆ ఖాళీలోంచి హార్బర్, చానెల్, సముద్రం అరచేతిలో ఉన్నట్టు కనబడుతున్నాయి. బూడిదరంగు నౌక చిన్నగా, బుద్ధిగా బయటికి వస్తోంది. గరిటె ఇప్పుడు చేతిలో గజగజ వణుకుతోంది.

"అక్కడే ఆగండి, సింహాద్రి గారూ." ఆమె చేతిలో ఎల్లాజీ పిస్టలే ఉంది. రెండో చేతిలో రిమోట్. "గడ్డం ఎలా ఉంది?"

అయిదూ ముప్పై ఆరు. ఎల్లాజీ చేతులెత్తాడు. ఒడ్డు మీద గట్టి రాయి చూసుకుని నిలబడ్డాడు. ఇప్పుడు కావలసింది పిస్టల్ కాదు. మాటలు.

"వీర్రాజుని నువ్వే చంపావా?"

"టెంటు కుట్టమని ఇచ్చాను, వేరే పేరుతో. నీళ్ళ పక్కన వేస్తాను, అడుగున తడి ఎక్కని గుడ్డ వేయమన్నాను. ఆయన టెంటు కుట్టి ఊరుకోవచ్చుగా! పోల్స్ ఎందుకు ఇంత బరువున్నాయని విప్పి చూశాడు."

"మాకు ఈ కొండ పేరు నువ్వే చెప్పావు. ఎందుకు?"

"నిజంలో సగం చెబితేనే మీ రమణమూర్తి నన్ను నమ్ముతాడు. పైగా వీర్రాజు ఆఖరి మాట చెప్పి ఆయనే నాకు గడ్డం ఇచ్చాడు." ఆమె పకపకా నవ్వింది. "అంత మంచి ఆఫీసరు ఏ దేశంలోనూ దొరకడు."

అయిదూ ముప్పై ఎనిమిది. పైన ఎక్కడో లారీల వరస కదిలినట్టు చప్పుడు. గెడ్డలో నీళ్ళు ఎర్రబడ్డాయి. ఆమె చూపు సముద్రం మీదే ఉంది.

ఎంత శత్రువైనా ఒక్క మాట చెప్పకుండా ఉండలేకపోయాడు ఎల్లాజీ. పైగా, చెప్పినా అర్థం కాదని అప్పటికే తెలిసిపోయింది.

"మేడమ్, గెడ్డని సూడండి."

"ఇంకా ఆ గడ్డం గొడవేనా!"

"ఇజీనగరం పిల్లవి, గెడ్డంటే తెలీదేటి?"

ఆమె ముఖంలో మొదటిసారి నవ్వు చెదిరింది. బొటనవేలు బటన్ మీద బిగిసింది. ఆ క్షణంలోనే మలుపు తిరిగి వచ్చింది గెడ్డ, చెట్లనీ రాళ్ళనీ దొర్లించుకుంటూ, నిలువెత్తున. యాంటెన్నా ముందు పోయింది. ట్రాన్స్‌మిటర్ పెట్టె దాని వెనకే పోయింది. పిస్టల్ గాల్లోకి ఒకసారి పేలి నీళ్ళల్లో పడింది. ఆమె మునిగింది, తేలింది, రిమోట్ మాత్రం వదల్లేదు. నొక్కుతూనే ఉంది.

ఎల్లాజీ ఒడ్డున చెట్టుని ఒక చేత్తో కౌగిలించుకుని, రెండో చేత్తో గరిటె చాచాడు. దాని వంపు ఆమె జాకెట్టు కాలరులో పడింది. భుజం ఊడిపోతుందేమో అనిపించింది. వదల్లేదు. వీర్రాజు కోసం ఈ మనిషి ప్రాణాలతో కావాలి.

ఒడ్డుకి లాగిపడేసి, టెంటు తాడుతోనే చేతులు కట్టి, అప్పుడు తలెత్తాడు. అయిదూ నలభై రెండు. నౌక చానెల్ దాటి సముద్రంలోకి తిరిగింది. దాని వెనక నురుగు తెల్లగా, తిన్నగా పరుచుకుంది. ఎల్లాజీ బురదలో కూలబడి, వెనకే దిగివచ్చిన కాసులమ్మ చూస్తుండగానే భోరున ఏడ్చాడు. ఆమె కొంగు అందించింది.

ఆదివారం పొద్దున రమణమూర్తి లాకర్లోంచి రికార్డింగు తీయించాడు. ఎల్లాజీ అది వినడం అదే మొదటిసారి. లేత్ రొద. ఊపిరి. వీర్రాజు గొంతు, ఆరిపోతూ ఉన్నా స్పష్టంగానే ఉంది.

"బావా... గెడ్డని సూడు."

బావా. వీర్రాజు ఈ లోకంలో ఆ పిలుపు పిలిచేది ఒక్క ఎల్లాజీనే. ఆ రోజు ఫోన్ తనే ఎత్తి ఉంటే అన్న ఆలోచన ఛాతీలో రాయిలా కూర్చుంది. 'బావా' అన్న మాటని టైపులో అసలు పెట్టనే లేదు.

రమణమూర్తి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"గెడ్డ అంటే వాగని ముందే ఎవరైనా చెప్పి ఉండొచ్చు కదయ్యా," అన్నాడు చివరికి, నీరసంగా.

"సెప్పాడు సార్," అన్నాడు ఎల్లాజీ. "మనమే దానికి గడ్డం పెట్టాం."